మూడు రోజుల పచ్చబొట్టు

పచ్చబొట్టంటే నాకు తెలిసింది మా అమ్మమ్మ ముంజేతి మీది తేలు. ఎరుకలామె సూదితో పొడిచి పెట్టిన ఆ తేలు అమ్మమ్మతోపాటే కాటికి వెళ్ళింది. ఇప్పటి ఆడపిల్లలకి అంత ఓపికెక్కడిది? శనివారం భుజం మీద సీతాకోకచిలుక వాలాలి, బుధవారానికల్లా ఎగిరిపోవాలి!

ఏలూరు నుంచి ఒక సోదరి వ్రాసింది: "మా అమ్మాయి పుట్టినరోజుకి పిచికారీతో బొమ్మలు వేసే అతన్ని పిలుద్దామనుకుంటున్నాం. పిల్లల ఒంటికి ఏమీ కాదు గదా?" అని. మంచి ప్రశ్నే.

ఈ పిచికారీని ఎయిర్‌బ్రష్ అంటారు. అమెరికాలో ఛార్లెస్ బర్డిక్ 1892లో దీనికొక రూపానికి పేటెంటు పుచ్చుకున్నాడు. చూడ్డానికి లావుపాటి ఫౌంటెన్‌పెన్నులా వుంటుంది. పైన రంగు పోసే బుల్లి గిన్నె, వెనక గాలి గొట్టం, దాని చివర కంప్రెసర్. మీట నొక్కితే గాలి వస్తుంది, వెనక్కి లాగితే లోపలి సూది జరిగి రంగు వస్తుంది. చెయ్యి తిరిగినవాడు స్పిరిటు దూదితో చర్మం మీది జిడ్డు తుడిచి, బొమ్మ కత్తిరించిన స్టెన్సిల్ అతికించి, రెండు మూడంగుళాల దూరం నుంచి పల్చగా రెండు మూడుసార్లు చల్లుతాడు. తొందరపడి ఒకేసారి తడిపేస్తే రంగు స్టెన్సిల్ కిందికి పాకి, సీతాకోకచిలుక కాస్తా గబ్బిలం అవుతుంది. ఆరాక పైన పౌడరు అద్దితే సరి. సూది గుచ్చే పని లేదు గనక నెత్తురు భయం లేదు. నీళ్ళ రంగయితే స్నానంతో పోతుంది, స్పిరిటు రంగయితే నాలుగైదు రోజులుంటుంది.

అయితే ఈ పిచికారీతోనే మోటారుసైకిలు టాంకుల మీద మంటలూ వేస్తారు, బనీన్ల మీద పులులూ వేస్తారు. పనిముట్టు ఒకటే గాని రంగు ఒకటి కాకూడదు. కాబట్టి అమ్మా, అతని చేతివాటం చూసేముందు సీసా చూడు. చర్మానికి వాడే రంగని, అందులో ఏమేం వున్నాయో చీటీ మీద అచ్చువేసి వుండాలి. "మంచి రంగేనండీ" అన్న మాట చీటీ కాదు. కళ్ళ దగ్గరా నోటి దగ్గరా స్పిరిటు రంగు చల్లనివ్వకు. ఒక పిల్లకి వాడిన స్టెన్సిల్ తుడవకుండా మరో పిల్లకి అంటించనివ్వకు.

నాకు అసలు భయం పిచికారీ గురించి కాదు. పక్కనే అతను తెచ్చిపెట్టుకునే "నల్ల గోరింటాకు" గురించి. మన గోరింటాకు ఎంత పండినా ఎరుపే గాని కాటుకలా నల్లబడదు, గంటల తరబడి కూర్చోనిదే పండదు. అరగంటలో నల్లగా పండిందంటే అందులో తలకి వేసే రంగు మందు కలిసినట్టే అనుకోవాలి. దాని పేరు పారాఫినైలిన్‌డయామిన్, చీటీ మీద పి.పి.డి. అని వుండొచ్చు. యూరపులో తలరంగుల్లో కూడా దాన్ని 2 శాతానికి మించనివ్వరు. ఒంటికి పూయడానికి అక్కడా ఒప్పుకోరు, అమెరికాలోనూ ఒప్పుకోరు.

మా వీధిలో పదేళ్ళ పిల్ల తిరనాళ్ళలో ముచ్చటపడి చేతికి నల్ల తీగ వేయించుకుంది. వారం తిరిగేసరికి ఆ తీగ ఎలా వంపులు తిరిగిందో అలాగే బొబ్బలు లేచాయి, ఆకుకి ఆకు, పువ్వుకి పువ్వు! బొబ్బలు మానాయి. కాని ఒంటికి ఒకసారి పడకపోయిన ఈ మందు ఇక జన్మలో పడదని డాక్టరు చెప్పాడు. నలభయ్యేళ్ళు వచ్చి, తెల్లవెంట్రుకకి సరదాగా రంగు పూసుకోబోతే మొహమంతా వాచిపోవచ్చు. పదేళ్ళ పిల్లకి అప్పటి సంగతి ఇప్పుడెవరు చెప్పి ఒప్పించగలరు? దీన్ని కొద్దిగా పూసి పరీక్షిద్దామని కూడా అనుకోవద్దు. ఆ కొద్దితోనే ఒంటికి పడకపోవడం మొదలు కావచ్చు.

పిచికారీ రంగయితే ఒకరోజు ముందుగా మోచేతి మడతలో చుక్క వేయించి చూడొచ్చు. దురద పుట్టకపోతే సీతాకోకచిలుకలు నిక్షేపంగా వాలనివ్వండి. సోమవారం బడిలో పంతులమ్మ ఊరుకోదంటారా? ఆదివారం రాత్రి నూనె పట్టించి, కాసేపు నాననిచ్చి, మెత్తటి గుడ్డతో తుడవండి. పీచు పెట్టి తోమకండి.