సగం ఇచ్చే చెయ్యి

ఏళ్ల తరబడి ఒకే పార్టీ ఎలా గెలుస్తుంది? డబ్బు, సారా, భయం అని మనం వెంటనే చెప్పేస్తాం. అవన్నీ నిజమే. కానీ ఆ మూడింటితోనే పాతికేళ్లు ఏలడం ఎవరివల్లా కాదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది మొదలు 1983 జనవరి దాకా, 1973లో కొన్ని నెలల రాష్ట్రపతి పాలన తప్పిస్తే, కాంగ్రెస్సే ఏలింది. ఎలా ఏలిందో తెలియాలంటే మన భూమి సంగతి చూస్తే చాలు.

ఏజెన్సీలో గిరిజనుల భూమి అన్యాక్రాంతం కాకూడదని 1959లో రెగ్యులేషన్ తెచ్చారు. దాన్ని అమలు చేసే నియమాలు ఎప్పుడు రాశారు? 1969లో! కాగితం మీద చట్టం, గట్టు మీద షావుకారు. ఈలోగా 1967 అక్టోబరులో లేవిడి దగ్గర కోరన్న, మంగన్నలను కాల్చి చంపారు. శ్రీకాకుళం కొండలు భగ్గుమన్నాయి. ఆ తర్వాతే 1970లో 1/70 చట్టం వచ్చింది. అది గట్టి చట్టమే, కాదనను. అయితే 1979లో అదే పార్టీ ప్రభుత్వం 129 నంబరు జీవో తీసి, అయిదెకరాల మాగాణి, పదెకరాల మెట్ట వరకు సాగు చేసుకుంటున్న గిరిజనేతరుల జోలికి పోవద్దంది.

ఇందులో కిటుకు గమనించండి. మనకు చట్టం ఇచ్చారు, అవతలివాడికి వాయిదా ఇచ్చారు. భూమి తిరిగొస్తుందని మనం ఓటేశాం, పోదని అతనూ ఓటేశాడు. పని పూర్తిచేస్తే ఇద్దరికీ నాయకుడితో అవసరం తీరిపోతుంది. అందుకే పూర్తిచెయ్యరు. హక్కును దయగా మార్చి, ఆ దయను అయిదేళ్లకొకసారి గుర్తుచేస్తారు.

1983లో జెండా మారింది. కిటుకు మారలేదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు భూమి ఎవరిదో తేల్చే పని గ్రామసభ దగ్గర మొదలవ్వాలి. మరి పట్టా చేతికొచ్చేటప్పుడు వేదిక మీద ఎవరుంటున్నారు? దండ ఎవరి మెడలో పడుతోంది? మనం ఎవరికి చేతులు జోడిస్తున్నాం?

మన సీటులో మనవాడే గెలిచాడుగా అంటారు కొందరు. గెలిచినవాడు టికెట్ ఇచ్చినవాళ్ల మాట వింటాడా, గూడెం మాట వింటాడా? అతన్ని తిట్టి లాభం లేదు. గూడేనికి లెక్క చెప్పక తప్పని పరిస్థితి మనమే తేవాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చట్టం చదవండి. గ్రామసభ తీర్మానం మీరే రాయండి, నకలు దగ్గర ఉంచుకోండి, దరఖాస్తుకు రసీదు అడిగి తీసుకోండి. మాస్టార్లూ, 1/70 అంటే ఏమిటో పదో తరగతి దాటేలోపు ప్రతి బిడ్డకూ చెప్పండి. ఓటు అడగడానికి వచ్చినవాణ్ణి ఏమిస్తావని అడగకండి. ఇస్తానన్నదాంట్లో మిగిలిన సగం ఎక్కడుందని అడగండి.