ఇద్దరి కొలువు, ఒక్కరి జీతం

సి.బి. ముత్తమ్మ పేరు ఎత్తగానే 'తొలి మహిళ' అన్న మాట వెంటే వస్తుంది. 1949లో భారత విదేశాంగ సర్వీసులో చేరిన తొలి మహిళ ఆమె. 1970లో హంగరీకి వెళ్లి, ఆ సర్వీసు నుంచి రాయబారి అయిన తొలి మహిళ కూడా ఆమే. 1979లో కేంద్ర ప్రభుత్వాన్ని సుప్రీంకోర్టుకు ఈడ్చి గెలిచారని కూడా రాస్తుంటారు. నిజానికి ఆ పిటిషన్‌ను కోర్టు కొట్టేసింది. గెలుపు కథగా చెప్పుకుంటూ పోతే ఆమెకు ఏది అడ్డుపడిందన్న ప్రశ్న మరుగున పడుతుంది. కొందరు పెద్ద అధికారుల చిన్నచూపు ఉండే ఉంటుంది. కాని అంతకంటే గట్టి గోడ ఉద్యోగం తీరులోనే ఉంది. ఇంట్లో ఇల్లాలున్న మగవాడి కోసమే దౌత్యవేత్త కొలువును మొదటినుంచీ కత్తిరించి కుట్టారు. ముత్తమ్మ వాదించిన కేసు ఆ కుట్లను విప్పి చూపింది.

1961 నాటి ప్రవర్తనా నియమావళిలో 8(2) అనే నిబంధన ఉండేది. దాని ప్రకారం మహిళా అధికారి పెళ్లి చేసుకోవాలంటే ముందుగా ప్రభుత్వం నుంచి రాతపూర్వక అనుమతి తెచ్చుకోవాలి. పెళ్లయ్యాక ఇంటి బాధ్యతలు విధులకు అడ్డొస్తున్నాయని ప్రభుత్వానికి తోస్తే రాజీనామా అడగవచ్చు. నియామక నియమాల్లోని 18(4) ఇంకో అడుగు ముందుకేసింది: పెళ్లయిన స్త్రీ ఈ సర్వీసులో నియామకాన్ని హక్కుగా కోరలేదు. విదేశీయులను పెళ్లాడే విషయంలో మగవారికీ ఆంక్షలున్నాయి, అది వేరే సంగతి. మగ అధికారి ఇంటి బాధ్యతలు అతని పనికి అడ్డొస్తాయేమోనన్న అనుమానం మాత్రం ఆ నియమాలు రాసినవారికి రాలేదు. ఆ అనుమానం ఎందుకు రాలేదన్నదే అసలు ప్రశ్న.

రాయబారి ఇంటి విందు సంగతి చూడండి. ఏ దేశపు రాయబారి ముందుగా అధికార పత్రాలు సమర్పించారో, ఆ వరుసలోనే కుర్చీలు వేయాలి. మాటల్లేని రెండు దేశాలవారిని పక్కపక్కన కూర్చోబెట్టకూడదు. మాంసం ముట్టనివారెవరో, మద్యం ముట్టనివారెవరో గుర్తుండాలి. ఆ బల్ల దగ్గర దొర్లిన మాట మర్నాడు ఢిల్లీకి టెలిగ్రామై వెళ్తుంది. టెలిగ్రామ్ కింద ఉండేది భర్త సంతకం, దాని వెనక ఉండేది భార్య చాకిరి. ఇది ఊహాగానం కాదు. అమెరికా విదేశాంగ శాఖలో భార్య తీరుతెన్నులను భర్త పనితీరు నివేదికలోనే రాసేవారు. ఆమె ప్రభుత్వోద్యోగి కాదని, ఆమెతో పని చేయించే హక్కు ఎవరికీ లేదని ఆ శాఖ ఉత్తర్వు ఇచ్చింది 1972లో. పెళ్లయిన మహిళా దౌత్యవేత్త ఉద్యోగం వదులుకోవాలన్న నియమం బ్రిటన్‌లోనూ 1970ల తొలినాళ్ల దాకా నడిచింది. భార్య పనిని జీతం లేకుండా వాడుకునే వ్యవస్థకు భార్య లేని అధికారి లోటుగానే కనిపిస్తుంది. ఆ అధికారే ఇంకొకరి భార్య అయితే లెక్క పూర్తిగా తప్పుతుంది.

ఇందుకు రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. విజయలక్ష్మీ పండిట్‌ను 1947లోనే మాస్కోకు, 1949లో వాషింగ్టన్‌కు పంపిన ప్రభుత్వానికి స్త్రీలంటే చిన్నచూపు ఎలా ఉంటుందన్నది మొదటిది. ఈ ఉదాహరణ ఎదురు తిరుగుతుంది. పండిట్‌ది రాజకీయ నియామకం. స్త్రీ రాయబారి కాగలదని ఆమె విషయంలో ఒప్పుకున్న ప్రభుత్వమే, పరీక్ష రాసి వచ్చిన స్త్రీ ముందు పెళ్లి షరతు పెట్టింది. అంటే అనుమానం స్త్రీ సామర్థ్యం మీద కాదు, ముప్పై ఏళ్ల సర్వీసులో ఆమె ఇల్లు ఎవరు చూస్తారన్న దాని మీద. రెండో అభ్యంతరం కాస్త బరువైనది. మూడేళ్లకో దేశం మారాలి, వైద్యం కూడా సరిగా దొరకని చోటికి పొమ్మంటే పోవాలి. కుటుంబం కట్టిపడేస్తే రాజ్యం పని ఆగిపోదా? ఆగుతుంది. అయితే అది మగవాడి కుటుంబంతోనూ ఆగుతుంది. తీర్పు రాసిన జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఎత్తిచూపిందీ ఇదే. కొన్ని కొలువుల స్వభావం వల్ల తేడాలు అవసరం కావచ్చని ఆయన ఒప్పుకున్నారు కూడా. బదిలీకి ఒప్పుకోని అధికారి మీద చర్య తీసుకోవచ్చు, అది స్త్రీయైనా పురుషుడైనా. ఒప్పుకోదేమోనని ముందే ఊహించి ఒక్క స్త్రీకే షరతు రాయడం పరిపాలనా అవసరం కిందికి రాదు.

మరి కోర్టు ఏం చేసింది? తనకు రావలసిన పదోన్నతిని స్త్రీ కావడం వల్లే ఆపారని ముత్తమ్మ వాదించారు. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం ఆ పదోన్నతి ఇచ్చేసింది. 18(4)ను 1973లోనే తీసేశామని, 8(2) కూడా పోబోతోందని చెప్పింది. దాంతో ఫిర్యాదుకు ఆధారం లేకుండా పోయింది, పిటిషన్ డిస్మిస్ అయింది. ఈలోగా ఆమెను దాటి వెళ్లిన జూనియర్లతో పోల్చి సీనియారిటీని సమీక్షించమని, ఇలాంటి నిబంధనలను ఒక్కో రిట్ పడేదాకా ఆగకుండా అన్ని సర్వీసుల్లోనూ సరిచేయమని ధర్మాసనం చెప్పింది. తీర్పులోని మాటలు ఘాటుగానే ఉన్నాయి. కానీ అందులో ఆమె పదోన్నతి విషయంలో వివక్ష జరిగిందన్న నిర్ధారణ లేదు, నిబంధనల కొట్టివేతా లేదు. ప్రభుత్వం పోరు తగ్గించుకుంది, అంతే. దాని ఫలితం త్వరలోనే కనిపించింది. 1981లో ఎయిరిండియా ఎయిర్ హోస్టెస్‌ల కేసులో మొదటి గర్భానికే ఉద్యోగం తీసేసే నిబంధనను అదే సుప్రీంకోర్టు కొట్టేసింది. చేరిన నాలుగేళ్ల లోపు పెళ్లి చేసుకోకూడదన్న షరతును మాత్రం సమర్థించింది.

అదంతా పాత ముచ్చట, 2001లో చోకిలా అయ్యర్ విదేశాంగ కార్యదర్శి అయ్యారు కదా, తర్వాత నిరుపమా రావు, సుజాతా సింగ్ కూడా వచ్చారు కదా అనవచ్చు. తొలి మహిళ సర్వీసులో చేరాక అందుకు 52 ఏళ్లు పట్టిందన్న సంగతి అలా ఉంచుదాం. పెళ్లి షరతు పోయింది, ఇద్దరి పనిని ఒక్కరి జీతంతో నడిపే అలవాటు పూర్తిగా పోలేదు. రాయబార సిబ్బంది జీవిత భాగస్వాములు అక్కడ ఉద్యోగం చేసుకునేలా భారత్ చాలా దేశాలతో ఒప్పందాలు చేసుకుంది. అవి అనుమతి ఇస్తాయి, ఉద్యోగం ఇవ్వవు. హైదరాబాద్‌లో ప్రాక్టీసు ఉన్న డాక్టరో లాయరో మూడేళ్లకో దేశంలో లైసెన్సు కోసం మళ్లీ మొదటి మెట్టు ఎక్కాలి. ఆ మెట్టు ఎక్కలేక ఇంట్లో ఉండిపోయినవారు భర్తే అయినా భార్యే అయినా, విందు బల్ల సర్దే పని ఇప్పటికీ ఏ జీతాల పట్టికలోనూ లేదు.