సుఖవ్యాధి యను పేరు

లైంగికముగా సోకు రోగములను మన తెలుగువారు సుఖవ్యాధు లందురు. కన్నడమున గుహ్యరోగము లందురు. ఒక పేరు నిందించును, రెండవది దాచుమనును. రాయచూరు సీమలో రెండు భాషలును విని పెరుగు మన విద్యార్థులకు ఈ పేర్లు తెలిసినంతగా ఆ రోగముల సంగతి తెలియదు. 2007లో కర్ణాటకతో సహా పలు రాష్ట్రములు పాఠశాలలలో కౌమారవిద్యను వలదనుట పొరపాటని మా యభిప్రాయము.

భర్తవలన సవాయి సోకిన యిల్లాలు ఏ సుఖమును కోరినది? గర్భముననే దానిని పొందిన శిశువు మాట యేమి? సవాయి పుండు తరచు నొప్పి లేకయే పుట్టి, కొన్ని వారములకు తనంతట మానును. రోగము మాత్రము లోపలనే యుండును. రహస్యముగా పొడులమ్ము వైద్యుల ప్రతిష్ఠ కంతకును ఇదియే మూలము! గర్భిణికి వేళకు రక్తపరీక్ష చేసి పెన్సిలిన్ ఇచ్చినచో శిశువును కాపాడవచ్చును. సెగకును మందు కలదు. అయితే దంపతు లిరువురును వాడవలెను, ఒక్కరే వాడినచో మరల సోకును. 1968లో ప్రభుత్వము చౌకగా అమ్మించ నారంభించిన నిరోధ్ తొడుగు ఈ సోకుటనే చాలవరకు ఆపును.

మన యిండ్లలో మరియొక చిక్కు గలదు. కన్నడము రాని తల్లికి ఆసుపత్రిలో బడిపిల్లవాడే దుబాసి. ఆ బాధను ఆమె బిడ్డ నోట ఎట్లు పలికించును? కడుపునొప్పి యని చెప్పి మాత్రలు తెచ్చుకొనును. తండ్రులారా, అట్టి వేళ భాష తెలిసిన పెద్ద ఆడుతోడును పంపుడు. మీరును పరీక్ష చేయించుకొనుడు. ప్రభుత్వ జిల్లా ఆసుపత్రుల సురక్షా క్లినిక్కులలో పరీక్షయు మందును ఉచితము. ఎయిడ్సును గూర్చి ముఖాముఖి అడుగ సిగ్గయినచో 1097కు ఫోను చేయవచ్చును.