పాపారాయుడి దారిలో... సైకిల్ సవారీ!

ఫ్రాన్స్‌లో లువార్ నది వెంట 900 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది. పాత కోటలూ పల్లెటూళ్లూ చూసుకుంటూ జనం తీరిగ్గా తొక్కుకుంటూ వెళ్తారు.

ఆ సరదా కోసం అంతదూరం పోనక్కర్లేదు. విజయనగరం జిల్లా రాజాంలో సైకిలెక్కితే చాలు. తెర్లాం మీదుగా బొబ్బిలికి 30 కిలోమీటర్ల పైచిలుకు. చలికాలం తెల్లవారుజామునే బయల్దేరితే మంచుతెరల్లో తాటిచెట్లు, చెరువుగట్లు, అప్పుడే పొయ్యి రాజేస్తున్న టీకొట్లు... ఆగాలనిపించిన చోటల్లా ఆగొచ్చు.

ఈ దారికీ ఫ్రెంచివారికీ పాత లెక్కొకటి ఉంది. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం రాజు విజయరామరాజుతో కలిసి బొబ్బిలి కోటను ముట్టడించాడు. ఆ వేళ తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉన్నాడనీ, కబురందేసరికే ఆలస్యమైపోయిందనీ చెప్పుకుంటారు. ఫిరంగులు కోటను కూల్చాయి. శత్రువుకు చిక్కకూడదని ఆడవాళ్లనూ పిల్లల్నీ అయినవాళ్లే కడతేర్చారు. ఆ తర్వాత పాపారాయుడు విజయరామరాజును ఆయన గుడారంలోనే చంపి పగ తీర్చుకున్నాడు. పోయిన ప్రాణాలు మాత్రం తిరిగి రాలేదు.

కారులో కునుకు తీసి లేచేసరికి బొబ్బిలి వచ్చేస్తుంది. సైకిల్ మీద అలా కాదు. తెర్లాం దాటాక పిక్కలు లాగుతుంటే తెలుస్తుంది... ఒక్క కబురుకు ఈ దూరం ఎంత పెద్దదో!

బొబ్బిలి చేరాక యుద్ధ స్మారక స్తంభం దగ్గర కాసేపు కూర్చోండి. ఓపికుంటే పక్కనే గొల్లపల్లి. ఒకే పనసదుంగను తొలిచి వీణ చేసే పనితనాన్ని అక్కడ చూడొచ్చు.

మళ్లీ రాజాంకి మెల్లగానే రండి. ఈ దారిలో ఆలస్యమైతే ఇప్పుడు కొంపలేం మునగవు!