పిల్లలు తినరన్నది పెద్దల మాట

"జొన్న రొట్టె మా పిల్లలు ముట్టరు. రాత్రిపూట తొందరగా కావాలి, మారాం చేయకుండా తినాలి. అందుకే నూడుల్స్ పెడుతున్నం." ఆదిలాబాద్ జిల్లా బోథ్‌లో ఏ అరుగు మీద కూర్చున్నా ఈ మాట వినిపిస్తుంది. ఉద్యోగాలు చేసే ఇండ్లలోనూ అంటున్నారు, పత్తి ఏరను పోయే ఇండ్లలోనూ అంటున్నారు. నేను ఒప్పుకోను. ఇందులో సగం నిజమే కాదు. మిగతా సగంలో నిజం ఉన్నా, నిందను పోవలసిన చోటికి కాక వేరే చోటికి పంపిస్తున్నాం.

అదే పిల్లవాడు మధ్యాహ్నం సర్కారు బడిలో తోటివాళ్ల పక్కన కూర్చుని పప్పన్నం తింటాడు, గుడ్డు పెట్టిన రోజు గుడ్డూ తింటాడు. అక్కడ వాడికోసం వేరే గిన్నె లేదు, చేతిలో ఫోను లేదు. రాత్రి ఇంటికొచ్చేసరికి వాడి నాలుక మారిపోతుందా? కొత్త రుచిని మొదట వద్దనడం ఏ పిల్లకైనా సహజం. ఎనిమిది, పది సార్లు కొంచెం కొంచెంగా రుచి చూపిస్తే, పక్కన పెద్దవాళ్లూ అదే తింటుంటే, చాలామంది పిల్లలు అలవాటు పడతారని పోషకాహార నిపుణులు ఏండ్లుగా చెబుతున్నారు. మనం ఒక్కసారి పెట్టి, మూతి ముడవగానే తీసేస్తాం. పైగా వాడి ఎదుటే "వీడు తినడు" అని చుట్టాలకు చెబుతాం. వాడు ఆ మాట వింటున్నాడు.

జొన్న అంటే పేదోళ్ల తిండి అన్న చిన్నతనం పెద్దవాళ్ల నుంచే పిల్లలకు దిగింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పుడు ఆకలి తీరింది, అది గొప్ప మేలు. 2025లో రేషన్‌కు సన్న బియ్యం వచ్చాయి, అదీ మంచిదే. బియ్యాన్ని నేను తప్పుపట్టను, జొన్న గటక, జొన్న రొట్టె కంచంలోంచి పూర్తిగా తప్పుకోవడాన్నే తప్పుపడుతున్నాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చువేసిన పట్టికలు చూడండి: నూరు గ్రాముల జొన్నల్లో ఇనుము దాదాపు 4 మిల్లీగ్రాములు, పాలిష్ బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా లేదు. పీచు జొన్నల్లో 10 గ్రాములు, బియ్యంలో మూడు గ్రాములకు లోపే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తెలంగాణలో అయిదేండ్లలోపు పిల్లల్లో నూటికి డెబ్బై మందికి రక్తహీనత కనిపించింది. ఇలాంటి రాష్ట్రంలో, యాసంగిలో జొన్న పండే ఆదిలాబాద్ జిల్లాలో, గింజలన్నీ అమ్మేసి మైదా పొట్లం కొనుక్కొస్తున్నాం. నాకు బాధగా ఉంది.

ఉట్నూరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ, పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌తో కలిసి గిరిపోషణ పథకం కింద గోండు, కొలాం పిల్లలకు జొన్నలతో, ఇతర చిరుధాన్యాలతో చేసిన ఆహారం పెట్టింది. జొన్న పిల్లల తిండి కాదనేవాళ్లు ఆ సంగతి గుర్తుచేసుకోవాలి, ఉట్నూరు బోథ్‌కు దూరమేమీ కాదు.

ఇక టైం సంగతి. ఇక్కడ తల్లులు చెప్పేది నిజం. పొద్దంతా వంగి పత్తి ఏరిన మనిషి పొద్దుమూకి ఇంటికొచ్చి, నీళ్లు మరిగించి, పిండి కలిపి, అరచేత్తో ఒత్తి ఒత్తి పిసికి, అయిదుగురికి రొట్టెలు కొట్టాలంటే నడుము ఒప్పుకోదు. రోజూ రొట్టె చేయమని నేనడగను. చేసిన రోజు మాత్రం పిల్లల రొట్టెను వేడి మీదే తుంచి, బెల్లం పొడి, చుక్క నెయ్యి వేసి నలిపి మలీద చేయండి. సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్ద కోసం చెయ్యి చాపని పిల్లలను నేను చూడలేదు. మరీ చిన్నవాళ్లయితే పాలలో నానేసి పెట్టండి.

రొట్టె చేయలేని రోజు కిచిడి ఉంది. రెండు పాళ్లు బియ్యం, ఒక పాలు పెసరపప్పు. నానబెట్టే పని లేదు. నూనెలో జీలకర్ర, ఉల్లిగడ్డ, టమాట వేగనిచ్చి, గుప్పెడు పాలకూర, పసుపు, ఉప్పు, పప్పు, బియ్యం వేసి, పప్పు బియ్యానికి నాలుగింతలు నీళ్లు పోయండి. నాలుగు విజిళ్లు వచ్చి, ఆవిరి పోయాక మూత తీస్తే గరిటె జారుగా ఉంటుంది. పిల్లలకు మిరపకాయ వద్దు, పైన పల్లీల పొడి చల్లితే చాలు. పెద్దవాళ్లు ఎల్లిపాయ కారం కలుపుకుంటారు. అరగంట పడుతుంది. నూడుల్స్‌కు ఇంతసేపు పట్టదు, నిజమే. కానీ కుక్కర్ పొయ్యి మీదున్నంతసేపు ఎవరూ పక్కన నిలబడనక్కరలేదు, ఆ తల్లి కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు.

అసలు నింద పోవలసిన చోటు ఇక్కడుంది. ఆ అరగంట కూడా ఆమె ఒక్కదాని మీదే ఎందుకు పడాలి? భర్తా అదే చేను నుంచి వస్తాడు, కాళ్లు కడుక్కుని టీవీ ముందు కూర్చుంటాడు. పదేండ్ల పిల్ల పాలకూర తెంపగలదు, పదేండ్ల పిలగాడూ తెంపగలడు. పొట్లం మన వంటింట్లోకి రుచి వల్ల రాలేదు, ఆమెకు ఇంకో చెయ్యి తోడు రాకపోవడం వల్ల వచ్చింది. ఆ తల్లిని సోమరి అని దెప్పేవాళ్లంటే, జొన్నలు తినండని ఆమె ఒక్కదానికే హితవు చెప్పేవాళ్లంటే నాకు కోపం.

ఈ యాసంగిలో జొన్నలు కాంటా పెట్టే ముందు ఒక బస్తా ఇంట్లో ఆపండి. బాగా ఎండబెట్టి, వేపాకు వేసి మూట కట్టండి. గిర్నీకి మోసుకుపోయి పట్టించుకొచ్చే పని మగవాళ్లది కావాలి. రాత్రి ఎవరు ముందు ఇంటికి చేరితే వాళ్లే కుక్కర్ ఎక్కించాలి. పిల్లలకు వేరే వంట ఆపేసి, మీ పక్కనే కూర్చోబెట్టుకుని మీరు తినేదే పెట్టండి. మొదటి రోజు మూతి ముడిస్తే, రెండు రోజులాగి మళ్లీ పెట్టండి.