రెండు చెవులు, రెండువేల రూపాయలు

మా కల్లూరులో తొమ్మిదో తరగతి చదువుతున్న కుర్రవాడొకడు కిందటి నెల నా వద్దకు వచ్చి, "సార్, కంప్యూటరు మీద ఆడేటప్పుడు ఎదుటివాడు ఎటునుంచి వస్తున్నాడో నాకు తెలియటం లేదు. మంచి హెడ్‌ఫోన్లు ఏవో చెప్పండి," అన్నాడు.

"ఎంతలో కావాలి?" అన్నాను.

"రెండువేలు సార్. మిరపకాయలు అమ్మివచ్చాక నాన్న ఇచ్చాడు. ఇంతకు మించి అడగవద్దన్నాడు."

"ఇప్పుడున్న వాటితో ఎంత సౌండు పెట్టి ఆడుతున్నావు?"

"ఫుల్లు సార్. అడుగుల చప్పుడు వినపడాలి కదా!"

"ఆడి లేచాక చెవి ఎలా వుంటుంది?"

"కాసేపు గుయ్యిమంటుంది. పొద్దున్నకు తగ్గిపోతుంది," అన్నాడు వాడు, అదేమీ పెద్ద విషయం కానట్టు.

పిల్లలూ, వాడు హెడ్‌ఫోన్లను గురించి అడిగాడు. నేను వాడి చెవులను గురించి ఆలోచించాను. నిజానికి ఈ రెండూ ఒకే విషయం. ఎలాగో చూడండి.

ధ్వని గాలిలో సెకనుకు రమారమి 340 మీటర్లు పోతుంది. మన రెండు చెవుల మధ్య దూరం జానెడు కూడా లేదు, 17 సెంటీమీటర్లనుకోండి. కుడివైపున ఎవరైనా చిటిక వేస్తే ఆ చప్పుడు కుడిచెవికి ముందు చేరి, ఎడమచెవికి సెకనులో రెండువేలవ వంతు ఆలస్యంగా చేరుతుంది. తల చుట్టూ తిరిగి రావాలి గనక మరికొంచెం ఎక్కువే పడుతుంది. ఇంత చిన్న తేడాను మన మెదడు కనిపెట్టి, "చప్పుడు కుడివైపు నుంచి," అని చెప్పేస్తుంది. సన్నని కీచు శబ్దాలకైతే తలే అడ్డుపడి, అవతలి చెవి మీద ఒక విధమైన నీడ పరుస్తుంది. అక్కడ శబ్దం మందగిస్తుంది. బొంగురు శబ్దాలకు కాలపు తేడా, కీచు శబ్దాలకు బిగ్గరలోని తేడా ఉపయోగపడతాయని 1907లో రాలే ప్రభువు అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు వివరించాడు.

దీన్ని మీరు ఇంట్లోనే చూడవచ్చును. మీటరు పొడుగున్న మెత్తని రబ్బరు గొట్టం తీసుకుని, సరిగా నడుమ గీత పెట్టండి. రెండు కొసలనూ రెండు చెవుల వద్ద ఆనించుకోండి. లోపలికి మాత్రం దూర్చరాదు. గొట్టాన్ని వీపు వెనకగా వుంచి, కళ్ళు మూసుకోండి. మీ చెల్లెలో తమ్ముడో పెన్సిలుతో గొట్టం మీద మెల్లగా తట్టాలి. గీత మీద తడితే శబ్దం తల మధ్యలో విన్నట్టుంటుంది. గీతకు 2 సెంటీమీటర్లు పక్కన తడితే, ఒక దారికన్న ఇంకొక దారి 4 సెంటీమీటర్లు ఎక్కువవుతుంది. అంటే సెకనులో 8,500వ వంతు తేడా. అయినా చాలామంది అది ఏ పక్కనో ఠక్కున చెప్పేస్తారు!

ఐతే ఎదురుగా వచ్చే శబ్దానికీ, వెనకనుంచి వచ్చే శబ్దానికీ రెండు చెవుల మధ్యా తేడా వుండదే, మరి అదెలా తెలుస్తుంది? చెవి డొప్పలోని మడతల వల్ల. వెనకనుంచి వచ్చిన శబ్దానికీ ముందునుంచి వచ్చిన శబ్దానికీ అవి వేరు వేరు ఛాయలు ఇస్తాయి. కిన్నెరసాని అభయారణ్యంలో దుప్పులను చూసినవారికి తెలుసు, ఆకు కదిలితే వాటి చెవులు అటు తిరుగుతాయి. మనకు ఆ సౌకర్యం లేదు. మనం తలే తిప్పుతాము.

ఇక ఆటల సంగతి. కౌంటర్ స్ట్రైక్, వాలరెంట్ వంటి ఆటలు తయారుచేసినవారు ఈ తేడాలన్నిటినీ లెక్కగట్టి, రెండు చెవులకూ రెండు వేరు ధ్వనులు పంపే ఏర్పాటు ఆటలోనే చేశారు. దానిని హెచ్.ఆర్.టి.ఎఫ్. అంటారు. కొన్ని ఆటలలో అది సెట్టింగులలో వెతికితే దొరుకుతుంది. దానికి కానీ ఖర్చు లేదు. విండోస్‌లో "విండోస్ సోనిక్" అనేది కూడా వుచితమే. కాని రెండూ ఒకేసారి పెట్టకండి. చేసిన లెక్క మీద మళ్ళీ లెక్క చేసినట్టయి, దిక్కు చెడుతుంది. పెట్టె మీద "7.1" అని పెద్ద అక్షరాలతో వేసిన చవక హెడ్‌ఫోన్లలో మామూలుగా చెవికి ఒకటి చొప్పున రెండే స్పీకర్లు వుంటాయి. మిగతాదంతా లెక్కే. ఆ అంకె కోసం అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు.

హెడ్‌ఫోను లోపల వున్నది ఏమంత గొప్ప యంత్రం కాదు. ఒక అయస్కాంతం, దాని మధ్య సన్నని తీగచుట్ట, దానికి అంటించిన పలుచని పొర, అంతే. తీగలో కరెంటు హెచ్చుతగ్గులైనప్పుడు పొర అదిరి గాలిని కదిలిస్తుంది. 1910లో అమెరికాలో బాల్డ్విన్ అనే ఆయన తన వంటింట్లో హెడ్‌ఫోన్లు తయారుచేసి అక్కడి నౌకాదళానికి పంపాడు. అవి వారికి ఎంతో నచ్చాయి. పాటల కోసం స్టీరియో హెడ్‌ఫోన్లను 1958లో జాన్ కాస్ అనే ఆయన తెచ్చాడు. వంటింట్లో తయారైన వస్తువుకు ఇవాళ ఎరుపు, నీలం దీపాలు పెట్టి అమ్ముతున్నారు. దీపాలు చెవికి వినపడవు కదా! ఆ డబ్బు స్పీకరులో పడలేదని మాత్రం గుర్తుంచుకోండి. "40,000 హెర్ట్జుల దాకా" అని రాస్తే కూడా మురిసిపోనక్కరలేదు. మనిషి చెవికి 20 నుంచి 20,000 దాకానే వినపడుతుంది. నా ఈడువారికి అందులో సగం మిగిలితే గొప్ప.

పేరును చూసి కూడా మోసపోరాదు. 2014లో కింగ్‌స్టన్ కంపెనీ అమ్మిన హైపరెక్స్ క్లౌడ్ అనే సెట్టు ఎంతో పేరు తెచ్చుకున్నది. దాని పూర్వరూపం స్వీడనుకు చెందిన క్యూప్యాడ్ వారి సెట్టు. ఆ రెండింటికీ మూలం చైనాలోని టాక్‌స్టార్ వారు సంగీతం వినటానికి చేసిన హెడ్‌ఫోను. అందుచేత "గేమింగ్" అనే మాట లేకపోయినా, పాటలకు మంచిదైన తీగ హెడ్‌ఫోను ఆటకూ మంచిదే.

తీగ అని ఎందుకన్నానంటే, మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో శబ్దం సెకనులో అయిదో వంతు దాకా ఆలస్యం కావచ్చును. అంతలో గాలిలో ధ్వని 68 మీటర్లు పోతుంది! చెరువు అవతలి గట్టున బట్టలు వుతికేవారిని చూడండి: బండమీద బట్ట పడ్డది ముందు కనిపిస్తుంది, చప్పుడు తరవాత వస్తుంది. ఆటలో ఎదుటివాడి అడుగు అలాగే వినపడితే ఏం లాభం? పైగా చాలావాటిలో మైకు వాడగానే శబ్దం టెలిఫోను శబ్దంలా చప్పబడుతుంది. వేరే చిన్న డాంగిల్‌తో వచ్చే వైర్లెస్ సెట్లు నయమే గాని, మన రెండువేలలో మంచివి దొరకటం కష్టం.

భద్రాచలం, కొత్తగూడెం ఎండలు ఎరిగినవారికి ఇంకొక సలహా: రెక్సిను మెత్తలు చెమటకు పొలుసులుగా వూడిపోతాయి. గుడ్డ మెత్తలు నయం, లేదా మార్చుకోవటానికి వీలైనవి చూడండి. తీగ కూడా వూడదీసి వేరేది పెట్టుకొనే రకమైతే మరీ మంచిది, ఎందుకంటే ముందు చెడేది అదే. బరువు 300 గ్రాములు దాటితే మెడ చెబుతుంది. కంప్యూటరుకు నేరుగా తగిలించేవారు 32 ఓముల ప్రాంతంలో వున్నది కొనాలి. 250 ఓములది తెచ్చుకుంటే శబ్దం పీలగా వస్తుంది, దానికి మళ్ళీ ఆంప్లిఫయరు కావాలి.

కొనేటప్పుడు ప్లగ్గు మీది నల్లగీతలు లెక్కపెట్టండి. రెండుంటే శబ్దానికి మాత్రమే, మూడుంటే మైకు కూడా కలిసివున్నది. కంప్యూటరుకు ఆకుపచ్చ, గులాబీ రంగు రంధ్రాలు వేరువేరుగా వుంటే, మూడు గీతలదానికి రెండు కొమ్మల చిన్న తీగ కావాలి. అది కొద్ది డబ్బుతో వస్తుంది. కాని అది లేక సెట్టు చెడిపోయిందనుకుని దుకాణానికి తిరిగేవారున్నారు.

మా కుర్రవాడికి నేను చెప్పిన లెక్క ఇది: హెడ్‌ఫోనుకు 1,300 మించకుండా, చొక్కాకు తగిలించే మైకుకు 300, మిగిలింది వుంచుకో. కంప్యూటరు రంధ్రంలో సొద వినిపిస్తే అప్పుడు ఆ మిగిలినదానితో చిన్న యు.ఎస్.బి. సౌండు కార్డు కొను. హైదరాబాదు వెళ్ళేవారుంటే కోఠిలోని గుజరాతీ గల్లీలో గాని, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో గాని విచారించమను. బిల్లు తీసుకోకుండా రావద్దు.

ఇక "ఫుల్లు" సౌండు. పెద్దలు కూడా ఇది చదవాలి. లోపలి చెవిలో నత్తగుల్ల వంటి భాగమున్నది. అందులో సన్నని రోమకణాలు 15,000 ప్రాంతంలో వుంటాయి. గట్టి శబ్దానికి అవి వాలిపోతాయి. గుయ్యిమనటం అందుకు గుర్తు. కొన్ని తెల్లవారేసరికి తేరుకుంటాయి. చచ్చినవి మాత్రం మళ్ళీ మొలవవు. గోళ్ళూ వెంట్రుకలూ వంటివి కావవి. పిల్లలకు 75 డెసిబెల్లు వారానికి 40 గంటలకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 3 డెసిబెల్లు పెరిగినప్పుడల్లా కాలం సగమవుతుంది. 78కి 20 గంటలు, 81కి 10, 84కి 5. అంటే 84 వద్ద రోజుకు గంటసేపు ఆడితే శుక్రవారానికే వారమంతటి వాటా అయిపోయిందన్నమాట!

మొదట పోయేవి సాధారణంగా కీచు శబ్దాలే. ముందూ వెనకా చెప్పే ఛాయలుండేది ఎక్కువగా వాటిలోనే. అడుగుల చప్పుడు కోసం ఫుల్లు పెట్టినవాడు, ఆ అడుగులు వినే చెవినే అరగదీస్తున్నాడు.

మరి అడుగులు వినపడేదెలా? సౌండు సెట్టింగులలో చాలా కంప్యూటర్లకు "లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్" అనేది వుంటుంది. అది తుపాకి మోతను తగ్గించి, చిన్న చప్పుళ్ళను పైకి తెస్తుంది. దూరం అంచనా కొంచెం తప్పుతుంది గాని, చెవి దక్కుతుంది. ఫాను శబ్దం ఎక్కువైన ఇంట్లో డొప్ప మూసివున్న రకం కొంటే, ఫాను మీద గెలవటానికి సౌండు పెంచనక్కరలేదు. నిశ్శబ్దంగా వుండే గదిలో తెరిచిన రకం చల్లగా వుంటుంది, అమ్మ పిలుపు కూడా వినపడుతుంది. చెవి గుయ్యిమనటం మర్నాటికీ తగ్గకపోతే చెవి డాక్టరుకు చూపించాలి.

రబ్బరు గొట్టం ప్రయోగం చేసినవారు, గీతకు ఎన్ని సెంటీమీటర్ల దూరాన తట్టినప్పుడు పక్క తెలిసిందో, మీ వయసుతో సహా రాసి పంపండి. ఇంట్లో తాతయ్యకూ పరీక్ష పెట్టి ఆ అంకె కూడా రాయండి.