కంకర పక్కన లాన్ గడ్డి పరిస్తే అది మన అరకు లైను కాదు



పోయిన ఆదివారం మా హాస్టల్లో నలుగురం ఒక్క లాప్‌టాప్ ముందు కూర్చుని ఓపెన్ రైల్స్ సిమ్యులేటర్‌లో కొత్తవలస–కిరండూల్ లైను మీద బండి నడిపాం. ఎవరో కష్టపడి చేసిన రూటే. ఇంజను బాగుంది, హారన్ బాగుంది, సొరంగాలున్నాయి. కిందికి చూస్తే మాత్రం తెల్లటి కంకర, దాన్ని ఆనుకుని స్కేలు పెట్టి గీసినట్టు పచ్చటి లాన్ గడ్డి. బొర్రా దగ్గర అదే, శిమిలిగుడ దగ్గరా అదే. మాలో ఇద్దరి ఊళ్ళు ఆ లైను పక్కనే. వాళ్ళ ఊరి మట్టి ఎక్కడా కనపడలేదు.

ఇదే చేసినవాళ్ళకి రాస్తే వచ్చిన జవాబు: "నేల ఎవరు చూస్తారు తమ్ముడూ, ఇంజను చూడు."

మేం చూస్తాం అన్నా. మా అమ్మానాన్నలు బతికింది ఆ నేల మీదే.

ఇందులో పని ఎలా ఉంటుందో చెప్తాం. సిమ్యులేటర్‌లో నేలంతా 2048 మీటర్ల చదరాలు. ఒక్కో చదరంలో 128 మీటర్ల ముక్కలు 256. ప్రతి ముక్క మీదా ఒక నేల బొమ్మ పరుస్తారు. కంకర బొమ్మ వేరే ఫైలు, అది పట్టాలతో వస్తుంది. రెండూ ఎక్కడెక్కడో, వేరే వేరే వెలుతురులో తీసినవి. మనిషి కూర్చుని రంగులు కలపకపోతే వాటంతటవే కలవవు.

మరి నిజంగా అక్కడేముంది? ఆ లైను 1960ల్లో బైలాడిలా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికి వేసింది. ఖనిజం బళ్ళు ఇప్పటికీ దిగుతూనే ఉన్నాయి. ఆ దుమ్ము, దిగుడులో బ్రేకుల పొడి పడి కంకర ఎర్రబారుతుంది. వానకి గట్టు ఎర్రమట్టి కంకరలోకి జారుతుంది, అంచు రాళ్ళు గడ్డిలోకి దొర్లుతాయి. అక్కడ గీత ఎక్కడిది? పైగా ఈ కొండల రాయికి భూగర్భ శాస్త్రంలో పేరు ఖోండలైట్. మన ఖోండుల పేరు మీద పెట్టిందే. పుస్తకంలో రాయికి మన పేరు, తెర మీద మాత్రం ఏ దేశపు గడ్డో!

"ఆటే కదా" అంటారు. అరకు ఎప్పుడూ రానివాడు ఈ ఆటలోనే అరకుని చూస్తాడు. పోడు చేసిన వాలు, చోడి చేను, వలిసె పూల పసుపు ఏవీ లేని ఖాళీ పచ్చదనం చూస్తాడు. ఖాళీగా కనిపించే నేల ఎవరిదీ కాదనిపిస్తుంది. ఎవరిదీ కాదనుకున్న నేల ఏమవుతుందో, 1/70 ఎందుకు తేవాల్సి వచ్చిందో మన ఇళ్ళల్లో ఒకళ్ళు చెప్పక్కర్లేదు.

"గ్రూప్స్‌కి చదువుకోక ఇదేం పని" అని మన అన్నలే అంటారు. చదువుతున్నాం అన్నా. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే, ఆ బరువు తెలుసు. కానీ మన మట్టి రంగు తెలిసినవాళ్ళు చేయకపోతే తెలియనివాళ్ళు చేస్తారు. చేసేశారు కూడా.

మా తప్పూ ఒప్పుకుంటాం. మొదట సాయంత్రం ఎండలో ఫొటోలు తీశాం, నేలంతా నారింజ రంగులోకి పోయింది. ఒకే రాయి ప్రతి ముక్కలో కనపడి గళ్ళ దుప్పటిలా తయారైంది. ఇప్పుడు తెలిసింది: మబ్బు పట్టినప్పుడు, ఫోన్ నేలకి తిన్నగా పెట్టి, నీడ పడకుండా తీయాలి. కొట్టొచ్చినట్టు కనపడే రాయీ ఆకూ ఫ్రేములో ఉండకూడదు. కంకర ఫొటో, దాని పక్క మట్టి ఫొటో ఒకే పూట తీయాలి. అప్పుడే రంగు కలుస్తుంది.

శృంగవరపుకోట నుంచి కోరాపుట్ దాకా లైను పక్క ఊళ్ళ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ ఊరి మట్టి ఫొటోలు పంపండి. ఊరి పేరు, ఏ నెలలో తీశారో రాయండి. వానాకాలం మట్టి వేరు, వేసవి మట్టి వేరు. పట్టాల మీదకి మాత్రం ఎక్కొద్దు. కంకర ఫొటో ప్లాట్‌ఫాం మీంచో గేటు దగ్గర నిలబడో తీస్తే చాలు.

మన నేలకి మనమే రంగు వేద్దాం. జై ఆదివాసీ.